దెయ్యం పేరు చెప్పి మూసేసిన స్టేషన్

(ఒక గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది. అక్కడక్కడ మాటలు కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే.

పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. దెయ్యం కథ చెప్తారని ఆశపెట్టి తీసుకొచ్చారట. చెప్తాను. కాకపోతే దెయ్యం గురించి ఓ పది నిమిషాలు, స్టేషన్ మాస్టర్ డ్యూటీల గురించి, టికెట్ కమీషన్ గురించి మిగతా టైమంతా మాట్లాడతాను. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు.

స్టేషన్ పేరు బేగున్‌కోదర్. పశ్చిమ బెంగాల్‌లో పురూలియా జిల్లా. మ్యాపులో చూస్తే బెంగాల్‌కి పడమటి కొసన, జార్ఖండ్‌కి ఆనుకుని ఉంటుంది. నిజానికి పురూలియా 1956 నవంబరు దాకా బిహార్‌లోనే ఉండేది, మాన్‌భూమ్ జిల్లాలో భాగంగా. మనకి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే, అంటే నవంబరు 1నే, వాళ్లు బెంగాల్లో కలిశారు. రాంచీ వైపు వెళ్లే లైన్లో కోట్‌శిలా అనే జంక్షన్ ఉంది, తర్వాత ఝాల్దా అనే చిన్న పట్నం ఉంది, ఈ రెండింటి మధ్యలో వస్తుంది మన స్టేషన్. చుట్టూ ఎర్రమట్టి, పొలాలు, కొంచెం దూరంలో అయోధ్య కొండలు. సంథాలీ గిరిజనులు ఎక్కువగా ఉండే ప్రాంతం. స్టేషన్ పేరు బేగున్‌కోదర్ అన్నమాటే గానీ ఆ పేరున్న ఊరు స్టేషన్‌కి ఆనుకుని లేదు, కొన్ని కిలోమీటర్ల దూరం. ఇది మనకేం కొత్త కాదు. ఊరి పేరు పెట్టుకుని ఊరికి దూరంగా కట్టిన స్టేషన్లు మన దగ్గరా బోలెడు. దిగాక ఆటో కోసం నిలబడినవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ.

ఆ దారిలో రైలు కొత్తదేం కాదు. పురూలియా నుంచి రాంచీకి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్లు 1907లోనే న్యారో గేజ్ లైను వేశారు, రెండున్నర అడుగుల వెడల్పుది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అంటే పరాయి కంపెనీ అనుకోకండి, మన వాల్తేరుకి కలకత్తా నుంచి బండి నడిపిందీ వాళ్లే. తర్వాత 1950ల చివర్లో, 60ల మొదట్లో రాంచీ ప్రాంతంలో బ్రాడ్ గేజ్ పనులు జరిగాయి. ఉక్కు ఫ్యాక్టరీలు వస్తున్న కాలం, రూర్కెలా, రాంచీలో భారీ యంత్రాలు తయారుచేసే హెచ్ఈసీ, అన్నీ అప్పుడే. ఆ హడావిడిలోనే, 1960లో, బేగున్‌కోదర్‌కి స్టేషన్ వచ్చింది. ఇది రావడానికి లచన్ కుమారి అనే ఆమె పట్టుబట్టిందని చెప్తారు. సంథాలీల రాణి అని ఆమెకి పేరు. రైల్వేతో మాట్లాడి, చుట్టుపక్కల ఊళ్లకి రైలు కావాలని సాధించుకుంది. దెయ్యం కథ తెలిసినవాళ్లు లక్షల్లో ఉంటారు, ఈమె పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి ఇదే. స్టేషన్ తెచ్చిన ఆడమనిషి ఎవరికీ పట్టదు, స్టేషన్ మూయించిందన్న ఆడదెయ్యం మాత్రం అందరికీ కావాలి.

(నవ్వులు)

సరే, దెయ్యం దగ్గరికి వద్దాం. పిల్లలూ, వినండి.

1967లో అక్కడి స్టేషన్ మాస్టరుకి రాత్రిపూట పట్టాల మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కనిపించిందట. రైలు కింద పడి చనిపోయిన మనిషి అని ఊళ్లో అనుకున్నారు. ఆ తర్వాత స్టేషన్ మాస్టర్ చనిపోయాడు. అప్పట్నుంచి ఆమె బండి పక్కన పరిగెత్తేదని, ఒక్కోసారి బండిని దాటిపోయేదని, పట్టాల మీద డాన్స్ చేసేదని... మామూలుగా చెప్పుకునేవే. ఆ స్టేషన్‌లో పనిచెయ్యడానికి ఎవరూ రాలేదు, వేసినవాడల్లా సెలవు పెట్టడమో, బదిలీ చేయించుకోవడమో చేశాడు, చివరికి బళ్లు ఆగడం మానేశాయి. ఇదీ కథ.

ఇప్పుడు ఈ కథని కొంచెం విప్పి చూడండి. ఒకరు చెప్పిన దాంట్లో స్టేషన్ మాస్టర్ ఒక్కడే చనిపోయాడు. ఇంకొకరు చెప్పిన దాంట్లో క్వార్టర్లో కుటుంబం మొత్తం. మరో దాంట్లో ఎవరూ చనిపోలేదు, దెయ్యాన్ని చూసి భయపడ్డారు, అంతే. నేను చదివినవాటిలో ఒక్క కథనంలో కూడా ఆ మాస్టర్ పేరు లేదు, పోలీసు కేసు లేదు, 1967 నాటి పేపరు లేదు. రైల్వే ఉద్యోగి డ్యూటీలో ఉండగా చనిపోతే ఎన్ని కాగితాలు పుడతాయో ఇక్కడ రైల్వే కుటుంబాల వాళ్లుంటే చెప్తారు. ఫ్యామిలీ పెన్షను, గ్రాట్యుటీ, పిల్లవాడికి ఉద్యోగం కోసం అర్జీ. దెయ్యం చంపినా సరే ఫైలు మాత్రం తప్పదు.

మరి స్టేషన్ ఎందుకు మూతపడింది? అది మాత్రం నిజం కదా, మూతపడింది కదా.

దీనికి ఒక పెద్దమనిషి సూటిగా జవాబు చెప్పాడు. బాసుదేవ్ ఆచార్య. పురూలియా జిల్లా మనిషి, సీపీఎం నాయకుడు, పక్కనే ఉన్న బాంకురా నుంచి తొమ్మిదిసార్లు ఎంపీ. పార్లమెంటులో రైల్వే స్టాండింగ్ కమిటీకి ఛైర్మన్‌గా చేశాడు, కాబట్టి రైల్వే లోపలి సంగతులు బాగా తెలిసినవాడే. 2023 నవంబరులో ఆయన పోయింది మన హైదరాబాద్‌లోనే. ఆయన అన్నదేంటంటే, అక్కడ పోస్టింగు తప్పించుకోవడానికి ఉద్యోగులే ఆ కథ అల్లారని. అంతే. రెండో మాట లేదు.

నాకు ఇది నమ్మబుద్ధి వేస్తుంది. ఎందుకో చెప్తాను, ఇక్కడే కొంచెం ఓపిక పట్టాలి. ఆ రోజుల్లో సింగిల్ లైన్ మీద చిన్న స్టేషన్లో మాస్టర్ ఉద్యోగమంటే ఏంటి? రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒక్క బండే ఉండాలి, అది రైల్వేలో మొదటి సూత్రం. అవతలి స్టేషన్‌ని అడిగి, వాళ్లు సరేనన్నాక, మిషన్లోంచి టోకెన్, అంటే ముందుకి పోవచ్చన్న అనుమతి గుర్తు, తీసి డ్రైవరుకి అందించాలి. ఇనుప బంతి అది, తోలు సంచీలో వేసి, పెద్ద రింగుకి కట్టి ఇచ్చేవాళ్లు. ఆగని బండికైతే పాయింట్స్‌మన్, అంటే బండి దారి మళ్లించే పట్టాలు చూసుకునే ఉద్యోగి, పట్టాల పక్కన నిలబడి ఆ రింగు పైకెత్తి పట్టుకుంటే డ్రైవరో ఫైర్‌మనో చెయ్యి చాపి లాక్కుపోవాలి, రాత్రయితే దీపం వెలుగులో. ఇదంతా పగలూ రాత్రీ, పండగ లేదు పబ్బం లేదు. గూడ్సు బండి రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేవాలి. క్వార్టర్లో కిరోసిన్ దీపం. నీళ్లకి బావి. పిల్లలకి బడి ఎక్కడో. జ్వరమొస్తే డాక్టర్ కోసం బండి ఎక్కి పోవాలి, ఆ బండికి టోకెన్ ఇవ్వాల్సింది మళ్లీ మీరే. పైగా 1966-67లో బిహార్ కరువు వచ్చింది చూడండి, స్వతంత్ర భారతంలో పెద్ద కరువుల్లో ఒకటి, దాని దెబ్బ పురూలియాకీ తగిలింది. అలాంటి చోట, అలాంటి ఏడాది, పెళ్లాం పిల్లలతో ఉన్న ఒక గుమాస్తా బదిలీ కోసం ఏం రాస్తాడు? "నాకు ఇక్కడ కష్టంగా ఉంది" అని రాస్తే పైవాడు చింపేస్తాడు. అందరికీ కష్టంగానే ఉంటుంది కదా. "ఇక్కడ దెయ్యం ఉంది" అంటే ఎవడూ వచ్చి సంతకం పెట్టి లేదని రాయడు.

(నవ్వులు)

నేను ఆ ఉద్యోగుల్ని తప్పుపట్టడం లేదు, నిజంగా. మనిషన్నవాడు ఉండగలిగే వసతులు ఇవ్వకుండా పోస్టు వేస్తే ఆ పోస్టులోంచి బయటపడే దారి వెతుక్కుంటారు. కానీ ఇంకో మాట కూడా ఆలోచించాలి. ఉద్యోగులు కథ అల్లారు సరే, రైల్వే ఎందుకు ఒప్పుకుంది? ఇంత పెద్ద సంస్థ. కొండల్లో సొరంగాలు తవ్వినవాళ్లు, పులులు తిరిగే అడవుల్లో లైన్లు వేసినవాళ్లు, తెల్లచీరకి జడిసి స్టేషన్ వదిలేస్తారా? నా ఊహ ఏంటంటే, టికెట్లు పెద్దగా తెగని స్టేషన్ మూతపడితే పైన ఎవరికీ పోయేదేం లేదు. కిందవాళ్లకి బదిలీ దొరికింది, పైవాళ్లకి ఖర్చు తగ్గింది. దెయ్యం అందరికీ సాయం చేసింది, ఊళ్లోవాళ్లకి తప్ప.

ఊళ్లోవాళ్లకి ఏం జరిగిందంటే, నలభై రెండేళ్లు రైలు లేదు. బండి కళ్లముందే పోతుంది, ఆగదు. కోట్‌శిలాకో ఝాల్దాకో పోయి ఎక్కాలి. కూరగాయలు అమ్ముకునేవాడు, కాలేజీకి పోయే పిల్ల, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు, అందరూ. ఆ స్టేషన్ దాటేటప్పుడు ప్రయాణికులు కిటికీలు మూసుకునేవాళ్లని రాస్తారు, సరదాగా చదువుకుంటాం. కిటికీ మూసుకున్నవాడు మళ్లీ ఐదు నిమిషాలకి తెరుచుకుంటాడు. బయట ఉన్నవాడి సంగతి? సంబంధాలు చూసేటప్పుడు "ఏ ఊరు" అంటే "దెయ్యాల స్టేషన్ ఊరా" అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఊళ్లోవాళ్లు ఊరుకోలేదు. 1990ల చివరి నుంచే కమిటీగా ఏర్పడి స్టేషన్ తెరవమని అడుగుతూ వచ్చారు. రైల్వేకి రాశారు, నాయకులకి రాశారు. ఇందాక చెప్పిన ఆచార్య గారి దాకా వెళ్లారు. చివరికి 2009లో మమతా బెనర్జీ రైల్వే మంత్రి అయ్యాక, ఆ ఏడాది ఆగస్టులో, మళ్లీ తెరిచారు. ఇక్కడో చిన్న తమాషా. బెంగాల్లో ఆ రోజుల్లో సీపీఎం, తృణమూల్ ఎలా ఉండేవో మీకు తెలుసు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు కాదు. ఈ ఒక్క స్టేషన్ విషయంలో మాత్రం ఇద్దరి పేర్లూ వినిపిస్తాయి.

తెరిచారు సరే, ఎలా తెరిచారు? హాల్ట్‌గా తెరిచారు. ఇది నా ప్రసంగంలో అసలు పాయింటు. రైల్వే తన ఉద్యోగిని ఒక్కణ్ని కూడా అక్కడ పెట్టలేదు. టికెట్లు అమ్మడానికి ఒక ప్రైవేటు మనిషి. మాస్టర్ లేడు, పాయింట్స్‌మన్ లేడు.

హాల్ట్ అంటే తెలియనివాళ్ల కోసం. మన పాసింజరు బళ్లల్లో తిరిగినవాళ్లకి తెలుసు, మధ్యలో ఒకచోట బండి ఆగుతుంది, పసుపు బోర్డు, చిన్న గది, ఒక వేపచెట్టు, ఎక్కేవాళ్లు నలుగురు దిగేవాళ్లు ముగ్గురు, నిమిషంలో కదిలిపోతుంది. అక్కడ సిగ్నళ్లు ఉండవు. బండి అక్కడ ఆగాలని టైంటేబుల్లో ఉంటుంది కాబట్టి డ్రైవరు ఆపుతాడు, దిగి ఎక్కడం అయ్యాక గార్డు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, ఆయన ఇచ్చే సైగ చూసి కదిలిస్తాడు. టికెట్లు అమ్మేది హాల్ట్ ఏజెంటు. అతను దగ్గర్లోని పెద్ద స్టేషన్‌కి వెళ్లి, తన డబ్బులు కట్టి టికెట్లు తెచ్చుకుంటాడు, అమ్ముకుంటాడు, కమీషన్ తీసుకుంటాడు. జీతం లేదు. టికెట్ తెగితేనే డబ్బులు. వర్షం పడి జనం రాకపోతే ఆ రోజు అతనికి ఏమీ లేదు. మన దగ్గర కొన్ని హాల్టుల్లో ఈ పని తండ్రి చేసి, తర్వాత కొడుకు చేస్తున్న కుటుంబాలున్నాయి. బండి లేటైతే ఎంత లేటో అతనికీ సరిగా తెలీదు, ఫోన్లో యాప్ చూసి చెప్తాడు.

అంటే చూడండి, 1967లో ఈ స్టేషన్లో మనుషులు ఉండనన్నారు. 2009లో రైల్వేనే మనుషుల్ని పెట్టనంది. మొదటిదానికి దెయ్యం అని పేరు, రెండోదానికి పొదుపు అని పేరు. స్టేషన్‌లో రాత్రి పడుకునేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఇక దీంట్లోంచి రెండో దెయ్యం పుట్టింది. ఇది ఇంటర్నెట్ దెయ్యం. తెరిచాక టీవీలవాళ్లు వచ్చారు, యూట్యూబ్ వాళ్లు వచ్చారు, "భారతదేశంలో పది భయంకరమైన స్టేషన్లు" అని లిస్టులు. అందరూ రాసేది ఒకటే వాక్యం, "సాయంత్రం ఐదున్నర దాటాక అక్కడ ఒక్క మనిషి కూడా ఉండడు." అయ్యా, ఎందుకుంటాడు? చివరి బండి పోయాక ఏజెంటు కిటికీ మూసుకుని ఇంటికి పోతాడు. టీకొట్టు లేదు, ఊరు దూరం, లైటు అంతంతమాత్రం. మన జిల్లాల్లో ఏ హాల్టుకైనా చీకటిపడ్డాక వెళ్లి చూడండి, మీకు కుక్కలు తప్ప ఎవరూ కనిపించరు. మరి అక్కడన్నీ దెయ్యాలున్నట్టేనా? సిబ్బంది లేకపోవడం వల్ల వచ్చిన నిర్మానుష్యాన్ని దెయ్యానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు. నాకు ఈ లాజిక్కు నచ్చుతుంది ఒకరకంగా, ఎందుకంటే ఎప్పటికీ ఓడిపోదు.

దీన్ని తేల్చుదామని 2017 డిసెంబరు చివర్లో పశ్చిమ బంగ విజ్ఞాన్ మంచ్ వాళ్లు వెళ్లారు. మన జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థే. కొంతమంది కలిసి, కెమెరాలు, దిక్సూచి, టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా స్టేషన్లోనే ఉన్నారు. పురూలియాలో డిసెంబరు చలి మామూలుగా ఉండదు, నాకైతే దెయ్యం కంటే ఆ చలే భయం. అర్ధరాత్రి దాటాక స్టేషన్ వెనక నుంచి వింత చప్పుళ్లు వినిపించాయి. వీళ్లు టార్చిలు వేసుకుని అటు పరిగెత్తారు. పొదల వెనక దాక్కున్న మనుషులు కనిపించారు, వీళ్లని చూసి పారిపోయారు! తెల్లారాక వీళ్లు చెప్పింది, దెయ్యం లేదు గియ్యం లేదు, దెయ్యం చూడ్డానికి వచ్చే జనం దగ్గర నాలుగు డబ్బులు గుంజడానికి కొందరు ఆడే నాటకం అని.

ఇదైనా ఊరంతటికీ అంటగట్టకూడదు. తెల్లారి బండి ఎక్కి పనికి పోయే ఊళ్లోవాళ్లకి ఈ దెయ్యం పేరు తలనొప్పి. రాత్రిపూట బళ్లు ఆపమని అడగాలంటే కూడా ఈ పేరే అడ్డం. ఎవరో పదిమంది పొదల్లో కూర్చుని అరిచారని మిగతావాళ్లు దోషులవుతారా?

ఇప్పుడు మన సంగతి ఓ రెండు మాటలు. దెయ్యాలు లేకుండా కూడా మన దగ్గర చిన్న స్టేషన్లు ఖాళీ అవుతున్నాయి. కోవిడ్ అప్పుడు పాసింజర్లు ఆపేశారు, తర్వాత ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి నడిపారు, పది రూపాయల టికెట్ ముప్ఫై అయింది. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ పదికి రాలేదు. ఈలోగా చాలా చోట్ల స్టాపులు ఎత్తేశారు. జనం ఆటోలకీ బస్సులకీ అలవాటు పడ్డారు. ఆ తర్వాత లెక్కలు తీసి "ఇక్కడ టికెట్లు తెగడం లేదు" అంటారు. బండి ఆపకుండా టికెట్లు ఎక్కడ తెగుతాయి?

వరంగల్ జిల్లా నెక్కొండ వాళ్లు ఏం చేశారో చదివే ఉంటారు, 2024 మొదట్లో పేపర్లలో వచ్చింది. ఒక ఎక్స్‌ప్రెస్‌కి అక్కడ తాత్కాలికంగా స్టాపు ఇచ్చి, ఆదాయం వస్తేనే ఉంచుతామన్నారు. ఊళ్లోవాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, చందాలేసుకుని, ప్రయాణం ఉన్నా లేకపోయినా రోజూ టికెట్లు కొన్నారు. రాజస్థాన్‌లో నాగౌర్ జిల్లాలో జల్సు నానక్ అనే హాల్ట్ ఉంది, అక్కడైతే ఊళ్లోవాళ్లే డబ్బులు పోగేసి టికెట్లు కొని తెచ్చి, వాళ్లే అమ్ముకుంటూ స్టేషన్ నడుపుతున్నారు. వినడానికి గొప్పగా ఉంటుంది, చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నాకు మాత్రం కొంచెం చిరాకు. పన్నులు కట్టే ఊరు, తన స్టేషన్‌ని బతికించుకోవడానికి ఎక్కని రైలుకి టికెట్ కొనాలా?

సరే, నా టైము అయిపోయిందని చిట్టీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ఒకాయన: సార్, మీరన్నది బాగానే ఉంది గానీ, అంతమంది చూశామంటున్నారు, ఎంతో కొంత నిజం లేకుండా ఉంటుందా?)

బాబాయి గారూ, చూశామన్నవాళ్లు అబద్ధం చెప్తున్నారని నేను అనను. రాత్రిపూట పట్టాల వెంబడి మనుషులు తిరుగుతూనే ఉంటారు, అది రైల్వేలో రోజువారీ పని. వానాకాలంలో, చలికాలంలో ట్రాక్‌మన్లు చేతిలో దీపం పట్టుకుని రాత్రంతా పట్టాలు చూసుకుంటూ నడుస్తారు. దూరం నుంచి, పొగమంచులో, కదిలే బండిలోంచి చూస్తే ఆ దీపం, ఆ మనిషి ఎలా కనిపిస్తారో ఊహించండి. పైగా "వచ్చేది దెయ్యాల స్టేషను" అని పక్కవాడు ముందే చెప్పి ఉంటే ఇంకేం కావాలి? బేగున్‌కోదర్‌లో కనిపించింది అదేనని నేను ఖాయంగా చెప్పను. చనిపోయాడన్న మాస్టర్ పేరు, చనిపోయిన తేదీ చెప్పండి, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం అంటాను.

(ఒక అమ్మాయి: మేం అక్కడికి వెళ్లి చూడొచ్చా?)

నిక్షేపంగా వెళ్లమ్మా. రాంచీ దాకా వెళ్తే అక్కడి నుంచి ఝాల్దా, కోట్‌శిలా వైపు వెళ్లే పాసింజర్లు ఉంటాయి, అక్కడ ఆగేది ఏదో చూసుకుని ఎక్కు. పగలు వెళ్లు, అమ్మానాన్నల్తో వెళ్లు. రాత్రికి ఉండాలని సరదా పడకు. దెయ్యానికి కాదు, తిరిగి రావడానికి బండి ఉండదు. వచ్చేటప్పుడు టికెట్ మాత్రం ఫోన్లో తీసుకోకుండా అక్కడి కిటికీ దగ్గరే కొను. అక్కడ తెగిన టికెట్ల మీదే అతని కమీషన్.